రాళ్ళకూ బదిలీలు ఉంటాయి

కోల్‌కతాలోని సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో జాబ్ చార్నాక్ సమాధి ఉంది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన ఈయన 1693లో చనిపోయాడు. సమాధి మీది రాయి ముదురు రంగులో, కొంచెం నూనె రాసినట్టు నిగనిగలాడుతూ ఉంటుంది. దాన్ని చూసినప్పుడు ఒక సందేహం రావాలి. కోల్‌కతా గంగానది తెచ్చిపోసిన ఒండ్రుమట్టి మీద వెలసిన నగరం. చుట్టుపక్కల కొండ లేదు, గుట్ట లేదు. మరి ఇంత గట్టిరాయి అక్కడికి ఎలా వచ్చింది?

1893లో థామస్ హాలండ్ అనే శాస్త్రవేత్త ఈ రాయి మీద ఒక పరిశోధన వ్యాసం రాశాడు. మద్రాసు దగ్గర పల్లావరంలో, సెయింట్ థామస్ మౌంట్‌లో ఉన్న రాయీ ఇదీ ఒకటేనని చూపించాడు. అంతకుముందు ఆ రకం రాయికి ప్రత్యేకంగా పేరు లేదు. చార్నాక్ సమాధి మీద కనిపించింది కాబట్టి హాలండ్ దానికి 'చార్నకైట్' అని పేరు పెట్టాడు. పుట్టింది మద్రాసు వైపు, పేరు వచ్చింది కలకత్తాలో. ప్రపంచంలో ఎక్కడ ఈ రకం రాయి దొరికినా ఇప్పుడు అదే పేరుతో పిలుస్తారు.

ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. పన్నెండో తరగతి పూర్తయ్యేలోగా సికింద్రాబాద్, పుణె, విశాఖపట్నం, చెన్నై తిరిగాం. "మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే మీలాగే నేనూ ఒక్క క్షణం తడబడేదాన్ని. ఇప్పుడు భూగర్భశాస్త్రంలో ఎం.ఎస్‌సీ. చదువుతున్నాను. ఇక్కడ నేర్చుకున్నదాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే, ఆ ప్రశ్నను రాళ్ళను అడగడం, రాయి చెప్పే జవాబును ఓపికగా చదవడం. అగ్నిశిలలు, రూపాంతర శిలలు అనే పాఠం విశ్వవిద్యాలయంలో ఎలా ఉంటుందో ఈ వ్యాసంలో చెబుతాను.

బడిలో మూడు రకాలు

రాళ్ళు మూడు రకాలని చిన్న తరగతుల్లోనే చదువుకుంటాం. భూమి లోపలి శిలాద్రవం చల్లారి గట్టిపడితే అగ్నిశిల. ఇసుక, మట్టి, గవ్వల వంటివి పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడితే అవక్షేప శిల. ఏ రాయైనా భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ లోనై, కరగకుండానే మరో రాయిగా మారితే రూపాంతర శిల. గ్రానైట్, బసాల్ట్ అగ్నిశిలలు. పాతకాలం బడిపిల్లలు రాసుకున్న పలకరాయి, తాజ్‌మహల్ కట్టిన పాలరాయి రూపాంతర శిలలు. పరీక్షకు ఇంత చాలు.

విశ్వవిద్యాలయంలో ఇదే పాఠం నెలల తరబడి సాగుతుంది. రాయి పేరు చెప్పడంతో అక్కడ పని పూర్తికాదు, మొదలవుతుంది. ఈ రాయి ఎంత వేడిలో పుట్టింది? ఎంత లోతులో? ఎన్నేళ్ళ కిందట? పుట్టాక దానికి ఏమేం జరిగింది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల సాక్షి ఆ రాయి ఒక్కటే. అందుకని ముందు దాన్ని చూడటం నేర్పిస్తారు.

కలకండ చెప్పే పాఠం

అన్నిటికంటే ముందు చూడాల్సింది గింజ పరిమాణం. రాయిలోని ఖనిజపు పలుకులు కంటికి కనిపించేంత పెద్దవా, కనిపించనంత సన్నవా?

మన వంటింట్లోనే దీనికి ఉదాహరణ ఉంది. చిక్కని పంచదార పాకాన్ని గబగబా కలుపుతూ చల్లారిస్తే సన్నని పొడిలా గడ్డకడుతుంది. అదే పాకంలో దారం వేలాడదీసి, కదపకుండా రోజుల తరబడి ఉంచితే దారం చుట్టూ పెద్ద పెద్ద పలుకులు కడతాయి. అదే కలకండ. పదార్థం ఒకటే. పలుకు పెరగడానికి దొరికిన సమయం వేరు.

శిలాద్రవం విషయంలోనూ అంతే. హైదరాబాద్, సికింద్రాబాద్ చుట్టూ ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కనిపించే గుండ్రాళ్ళు గ్రానైట్‌వి. గోల్కొండ కోట కట్టింది ఆ గ్రానైట్ కొండ మీదే, ఆ రాయితోనే. ఆ శిలాద్రవం భూమి పైకి రాకుండా, కిలోమీటర్ల లోతులో, చాలా నెమ్మదిగా చల్లారింది. అందుకే దానిలోని గింజలు విడివిడిగా కంటికి కనిపిస్తాయి. గాజుముక్కలా ఉండేది క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి. గులాబీ లేదా తెలుపు రంగులో నున్నని ముఖాలతో ఉండేది ఫెల్డ్‌స్పార్. తళుక్కుమనే నల్లని రేకులు అభ్రకం. పల్లెల్లో అభ్రకాన్ని కాకిబంగారం అంటారు.

పుణె రాయి ఇందుకు పూర్తిగా వేరు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట పశ్చిమ, మధ్య భారతంలో నేల చీలికల నుంచి లావా పొంగి, పొరమీద పొరగా పరుచుకుంది. అదే దక్కన్ బసాల్ట్. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర అది మిగిలి ఉంది. అజంతా, ఎల్లోరా గుహలను తొలిచింది ఈ రాయిలోనే. నేలమీద త్వరగా చల్లారింది కాబట్టి దాని గింజలు మామూలు కంటికి కనిపించవు. లావాలోని వాయువులు తప్పించుకుపోయే లోపే అది గట్టిపడటంతో చాలాచోట్ల బుడగల గుంటలు మిగిలాయి. తర్వాత ఎప్పుడో ఆ గుంటల్లో తెల్లని జియోలైట్ పలుకులు పెరిగాయి. పుణె చుట్టుపక్కల దొరికే ఈ పలుకులకు ప్రపంచంలోని మ్యూజియంలలో గొప్ప పేరుంది.

నేను చేసిన తప్పు

మొదటి ప్రయోగశాల పరీక్షలో బల్లమీద పది రాళ్ళు పెట్టారు. ఒక్కోదాన్ని భూతద్దంతో చూసి పేరు రాయాలి. నాలుగో రాయి ముదురు రంగులో, బరువుగా ఉంది. పుణెలో మూడేళ్ళు ఉన్నదాన్ని, నల్లరాయి నాకు తెలియదా అనుకుని బసాల్ట్ అని రాసేశాను. అది చార్నకైట్. చెన్నైలో మేమున్న ఇంటికి కాస్త దూరంలోనే దొరికే రాయిని నేను పోల్చుకోలేకపోయాను!

మేడమ్ మార్కులు తగ్గించారు గాని కోప్పడలేదు. "రంగు చూసి పేరు పెట్టకు. ఏ గింజలున్నాయి, ఎంత పెద్దవి, ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉన్నాయి, ఈ మూడూ చూశాకే పేరు రాయి" అన్నారు. తర్వాత అదే రాయి పలుచని పొరను మైక్రోస్కోప్ కింద పెట్టి నన్ను కూర్చోబెట్టారు.

వెంట్రుక కంటే పలుచని రాయి

రాయిలోంచి వెలుతురు వెళుతుందంటే మీరు నమ్ముతారా? తగినంత పలుచగా అరగదీస్తే దాదాపు ప్రతి రాయిలోంచీ వెళుతుంది. ముందు వజ్రపు పొడి అద్దిన రంపంతో రాయిని చిన్న బిళ్ళగా కోస్తారు. ఒక ముఖాన్ని నున్నగా అరగదీసి, గాజుపలకకు జిగురుతో అంటిస్తారు. రెండో ముఖాన్ని కార్బోరండం పొడితో అరగదీస్తూ పోతారు. చివరికి 0.03 మిల్లీమీటర్ల మందం మిగలాలి. అంటే వంద పొరలు పేరిస్తే 3 మిల్లీమీటర్లు. కొంచెం ఎక్కువ అరిగితే రాయి మాయం, కొంచెం తక్కువ అరిగితే రంగులు తప్పు. నా మొదటి రెండు పొరలూ నీళ్ళలో కలిసిపోయాయి. ఈ పద్ధతిని రాళ్ళ చదువులోకి తెచ్చినవారిలో ముఖ్యుడు ఇంగ్లండుకు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ. ఇది 1850ల నాటి మాట. కొండలను మైక్రోస్కోప్‌తో చూస్తారా అని అప్పట్లో కొందరు ఎగతాళి చేశారట.

ఆ పొరను చూసే మైక్రోస్కోప్ కూడా ప్రత్యేకమైనదే. మామూలు వెలుతురు అన్ని దిక్కులకూ కంపిస్తూ ప్రయాణిస్తుంది. ఈ మైక్రోస్కోప్‌లో రాతిపొరకు కింద ఒకటి, పైన ఒకటి ధ్రువణ ఫిల్టర్లు ఉంటాయి. ఒక్కో ఫిల్టర్ ఒకే దిక్కులో కంపించే వెలుతురును పోనిస్తుంది. రెండింటినీ అడ్డంగా, నిలువుగా పెడితే ఏ వెలుతురూ దాటలేదు, అంతా చీకటి. వాటి మధ్య ఖనిజపు పొర పెడితే మాత్రం చిత్రంగా రంగులు వస్తాయి. చాలా ఖనిజాలు తమలోకి వచ్చిన వెలుతురును రెండుగా చీలుస్తాయి. ఆ రెండూ పై ఫిల్టర్ దగ్గర కలుసుకున్నప్పుడు ఆ రంగులు పుడతాయి.

ఒక్కో ఖనిజానిది ఒక్కో తీరు. క్వార్ట్జ్ బూడిద, తెలుపు రంగుల్లో నిరాడంబరంగా ఉంటుంది. ప్లేజియోక్లేజ్ అనే ఫెల్డ్‌స్పార్ మీద నలుపు తెలుపు చారలు కనిపిస్తాయి. ఆలివిన్ పండగనాటి రంగవల్లిలా వెలుగుతుంది. గార్నెట్ మాత్రం వెలుతురును చీల్చదు కాబట్టి పొరను ఎటు తిప్పినా నల్లగానే ఉండిపోతుంది.

ఆ రోజు మేడమ్ చూపించిన పొరలో క్వార్ట్జ్ గింజలు దండిగా ఉన్నాయి. బసాల్ట్‌లో అంత క్వార్ట్జ్ ఉండదు. బసాల్ట్ అయితే సన్నని ప్లేజియోక్లేజ్ పుల్లలు చిందరవందరగా పడి, వాటి మధ్య పైరాక్సీన్ ఇరుక్కుని కనిపించాలి. ఇక్కడ గింజలు పెద్దవి, ఒకదాని అంచులోకి ఒకటి చొచ్చుకుని ఉన్నాయి. పై ఫిల్టర్ తీసేసి పొరను మెల్లగా తిప్పితే ఒక ఖనిజం లేత గులాబీ నుంచి లేత ఆకుపచ్చకు మారింది. అది హైపర్‌స్తీన్. చార్నకైట్‌ను పట్టిచ్చే ఖనిజం అదే. బల్లమీద నన్ను మోసం చేసిన రాయి, పొరగా మారాక ఏదీ దాచుకోలేదు.

ముందు ఎవరు, తర్వాత ఎవరు

అగ్నిశిలల పాఠంలో తప్పక వినిపించే పేరు నార్మన్ బోవెన్. ఈయన ప్రయోగశాలలోనే రాతి పదార్థాన్ని కరిగించి, కొంచెం కొంచెంగా చల్లారుస్తూ, ఏ వేడి దగ్గర ఏ ఖనిజం పుడుతుందో చూశాడు. శిలాద్రవంలో ఖనిజాలన్నీ ఒక్కసారి గడ్డకట్టవు. సాధారణంగా ముందు ఆలివిన్, తర్వాత పైరాక్సీన్, ఆ తర్వాత యాంఫిబోల్, నల్ల అభ్రకం వస్తాయి. చివరగా పొటాషియం ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ మిగులుతాయి. 1928లో అచ్చయిన ఆయన పుస్తకం ఈ వరుసను ప్రపంచానికి పరిచయం చేసింది.

ఈ వరుస తెలిస్తే రాతిపొరలో కథ కనిపిస్తుంది. ముందు పుట్టిన పలుకుకు చుట్టూ ద్రవమే కాబట్టి కావలసినంత చోటు. అందుకే దానికి చక్కని అంచులు వస్తాయి. ఆఖరున వచ్చినదానికి మిగిలిన సందులే దిక్కు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ సొంత ఆకారం లేకుండా ఖాళీలను నింపినట్టు కనిపించేది అందుకే. రైలు బయల్దేరాక ఎక్కినవాళ్ళు దొరికిన చోట సర్దుకున్నట్టు అన్నమాట.

ఇంకో సంగతి కూడా ఉంది. ముందు పుట్టిన బరువైన పలుకులు అడుగుకు చేరితే, పైన మిగిలిన ద్రవం కూర్పు మారుతుంది. ఆ మిగులు గడ్డకడితే వచ్చేది మరో రాయి. ఒకే శిలాద్రవం నుంచి రకరకాల రాళ్ళు ఎలా పుడతాయన్న ప్రశ్నకు బోవెన్ ఇచ్చిన జవాబు ఇది.

కరగకుండా మారడం

రూపాంతర శిలల పాఠం నాకు మరింత నచ్చింది. ఇటుక బట్టీ చూసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. పచ్చి ఇటుక బట్టీలో కరిగి కారిపోదు. ఆకారం అదే ఉంటుంది, లోపలి పదార్థం మాత్రం మారిపోతుంది. భూమి లోపల వేడికి పైనున్న రాళ్ళ బరువూ తోడవుతుంది. కాలం కోట్ల సంవత్సరాల లెక్కన ఉంటుంది. మెత్తని బంకమట్టి అలా మారుతూ మారుతూ ముందు పలకరాయి, తర్వాత అభ్రకం రేకులతో మెరిసే షిస్ట్, ఇంకా వేడెక్కితే చారలు చారలుగా ఉండే నైస్ అవుతుంది.

ఎంత వేడి, ఎంత ఒత్తిడి అన్నది తెలియడమెలా? ఇక్కడ ముగ్గురు అక్కచెల్లెళ్ళు సాయం చేస్తారు. ఆండలుసైట్, కయనైట్, సిల్లిమనైట్. మూడింటిలోనూ అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ ఒకే పాళ్ళలో ఉంటాయి. అణువుల అమరిక మాత్రం వేరు. ఒత్తిడి తక్కువున్న చోట ఆండలుసైట్, ఒత్తిడి ఎక్కువైతే కయనైట్, వేడి బాగా పెరిగితే సిల్లిమనైట్ స్థిరంగా ఉంటాయి. మూడూ కలిసి ఉండగలిగేది సుమారు 500 డిగ్రీల సెల్సియస్, మన గాలి ఒత్తిడికి సుమారు 4 వేల రెట్ల ఒత్తిడి దగ్గర. ఒత్తిడిని లోతులోకి మారిస్తే అది దాదాపు 15 కిలోమీటర్లు. రాయిలో ఈ ముగ్గురిలో ఎవరున్నారో చూస్తే, ఆ రాయి ఎలాంటి చోటికి వెళ్ళివచ్చిందో అంచనా దొరుకుతుంది. హాలండ్ చార్నాక్ సమాధి గురించి రాసిన 1893లోనే, జార్జ్ బారో అనే ఆయన స్కాట్లండ్ కొండల్లో ఇలాంటి ఖనిజాల ఆధారంగా ఏ ప్రాంతం ఎక్కువ వేడెక్కిందో, ఏది తక్కువ వేడెక్కిందో గుర్తించి వ్యాసం ప్రచురించాడు.

ఇప్పుడు విశాఖపట్నం వెళ్దాం. కైలాసగిరి, సింహాచలం కొండల్లో కనిపించే రాయి ఖోండలైట్. పేరులో మన 'కొండ' వినిపించినా, 1902లో టి.ఎల్. వాకర్ దాన్ని తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టాడు. ఆ రాయిలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌లతో పాటు ఎర్రని గార్నెట్, సూదుల్లాంటి సిల్లిమనైట్, అక్కడక్కడ పెన్సిల్ ముల్లులోని గ్రాఫైట్ ఉంటాయి. సిల్లిమనైట్ పుట్టాలంటే అల్యూమినియం బాగా ఉండాలి. అది దండిగా ఉండేది బంకమట్టిలో. అంటే ఈ కొండరాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న మట్టి. ఆ మట్టి సుమారు 20 నుంచి 30 కిలోమీటర్ల లోతుకు దిగింది. పాడేరు, అనకాపల్లి వైపు దొరికే కొన్ని రాళ్ళు 900 డిగ్రీలకు మించిన వేడి చూశాయని వాటిలోని సఫిరిన్ అనే ఖనిజం చెబుతుంది. తర్వాత పైనున్న రాయి కోట్ల ఏళ్ళపాటు అరిగిపోయి, లోతున ఉన్నది పైకి తేలింది.

ప్రయాణం అక్కడితో ఆగలేదు. వానలకు కొండ అరిగి, గార్నెట్, సిల్లిమనైట్ గింజలు వాగుల్లో పడి సముద్రానికి చేరాయి. విశాఖ, భీమిలి తీరాల్లో ఇసుక మీద ఎరుపు, నలుపు చారలు మీరు చూసే ఉంటారు. ఎర్రవాటిలో చాలావరకు ఆ గార్నెట్లే. మట్టి కొండయింది, కొండ ఇసుకయింది.

గార్నెట్‌కు ఇంకో గుణం ఉంది. అది పెరుగుతున్న కొద్దీ, అప్పటి వేడికీ ఒత్తిడికీ తగినట్టు దాని కూర్పు మారుతుంది. మధ్యభాగం ఒకలా, అంచు ఒకలా ఉంటుంది. చెట్టు మొద్దులో వలయాలు చూసినట్టు, ఎలక్ట్రాన్ కిరణంతో ఆ గింజను మధ్య నుంచి అంచుదాకా పరీక్షిస్తే రాయి ఎప్పుడు లోతుకు దిగిందో, ఎప్పుడు పైకి లేచిందో ఆ క్రమం తెలుస్తుంది. అయితే మరీ ఎక్కువ వేడి చూసిన గార్నెట్‌లో ఈ తేడాలు చెరిగిపోతాయి. అప్పుడు వేరే సాక్షిని వెతకాలి.

వయసు చెప్పే సాక్షి జిర్కాన్. ఈ చిన్న ఖనిజం పుట్టేటప్పుడు యురేనియంను తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. యురేనియం నిదానంగా సీసంగా మారుతూ ఉంటుంది. యురేనియం-238లో సగం మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్ళు పడుతుంది. ఇప్పుడు గింజలో ఎంత సీసం చేరిందో కొలిస్తే ఎన్నేళ్ళయిందో లెక్క తేలుతుంది. హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని అలాగే తెలిసింది.

రెండు పాఠాలూ కలిసే చోటు

చార్నకైట్ సంగతి ఇంకా పూర్తికాలేదు. అది అగ్నిశిలా, రూపాంతర శిలా? హాలండ్ అగ్నిశిలే అనుకున్నాడు. 1960లో సి.ఎస్. పిచ్చముత్తు కర్ణాటకలోని కబ్బాల్‌దుర్గ దగ్గర ఒక వింత గమనించి రాశారు. బూడిదరంగు నైస్ రాయిలో అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా చార్నకైట్ ఏర్పడి ఉంది. నైస్‌లోని చారలు ఆ మచ్చల్లోకి సాగి మసకబారుతున్నాయి. అంటే అక్కడ నైస్, చార్నకైట్‌గా మారుతూ ఉండగానే ఆ పని మధ్యలో ఆగిపోయింది. నీటి పాలు తగ్గి వేడి పెరిగినప్పుడు అభ్రకం, యాంఫిబోల్ వంటి ఖనిజాలు విడిపోయి హైపర్‌స్తీన్ పుడుతుంది. కాబట్టి కొన్ని చార్నకైట్లు శిలాద్రవం నుంచి పుట్టాయి, కొన్ని ఉన్న రాయి మారి పుట్టాయి. ఎక్కడిది ఎలా పుట్టిందో ఆ చోటికి వెళ్ళి చూడాల్సిందే. బడిలో వేర్వేరు గడుల్లో రాసిన రెండు రకాలు నిజమైన కొండమీద ఇలా కలిసిపోయి ఉంటాయి. నా వరకు ఈ చదువులో అసలు రుచి ఇక్కడే ఉంది.

రైలు కిటికీ పక్కన

ఇవన్నీ చూడటానికి ముందు మైక్రోస్కోప్ అక్కర్లేదు, పగటిపూట రైలు ప్రయాణం చాలు. సికింద్రాబాద్ నుంచి పుణె వైపు వెళ్ళేటప్పుడు కిటికీ పక్క సీటు పట్టండి. ముందు గుండ్రని గ్రానైట్ రాళ్ళు కనిపిస్తాయి. వికారాబాద్ దగ్గరికి వచ్చేసరికి అవి పోయి, బల్లపరుపు గుట్టలు వస్తాయి. అది దక్కన్ బసాల్ట్ అంచు. తాండూరు చేరితే పట్టాల పక్కన బండలు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. మన ఇళ్ళలో పరుచుకునే షాబాదు బండలు అవే. అది సున్నపురాయి, అవక్షేప శిల. అక్కడినుంచి సోలాపూర్ దాటేసరికి మళ్ళీ అంతా బసాల్ట్, నల్లరేగడి నేల. ఒక్క పగటి ప్రయాణంలో 250 కోట్ల ఏళ్ళ రాయి నుంచి 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ రాయి దాకా చూసేస్తారు.

ఈ చదువు ఎవరికి, ఎందుకు

భూగర్భశాస్త్రం తీసుకున్నానంటే "ఇంజినీరింగ్ సీటు రాలేదా?" అని అడిగినవాళ్ళున్నారు. దానికి జవాబు ఇక్కడే చెబుతాను. సొరంగం తవ్వేటప్పుడు షిస్ట్‌లోని అభ్రకం రేకులు ఎటు వాలి ఉన్నాయో తెలియకపోతే పైకప్పు జారిపడవచ్చు. ఆనకట్ట కాంక్రీట్‌లో వేసే కంకరలో కొన్ని రకాల క్వార్ట్జ్ ఉంటే, అది సిమెంట్‌లోని క్షారాలతో కలిసి, నీటిని పీల్చి ఉబ్బి, కొన్నేళ్ళ తర్వాత గోడను పగలగొడుతుంది. కంకర రాయి పలుచని పొరను ముందే మైక్రోస్కోప్‌లో చూస్తే ఆ ప్రమాదం పసిగట్టవచ్చు. కోణార్క్ ఆలయాన్ని ఎక్కువగా ఖోండలైట్‌తో కట్టారు. ఆ రాయిలోని ఫెల్డ్‌స్పార్ సముద్రపు గాలికీ వానకీ మెల్లగా మట్టిగా మారుతోంది. శిల్పాలను కాపాడాలంటే ఆ మార్పు ఎలా జరుగుతుందో తెలిసినవాళ్ళు కావాలి.

పన్నెండో తరగతిలో సైన్స్ చదివినవాళ్ళు బి.ఎస్‌సీ.లో చేరవచ్చు. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో ఈ విభాగాలున్నాయి. ఖరగ్‌పూర్ ఐఐటీలో, 1926లో మొదలైన ధన్‌బాద్ సంస్థలో కూడా ఉన్నాయి. డిగ్రీ తర్వాత ఐఐటీల్లో ఎం.ఎస్‌సీ.కి జామ్ పరీక్ష రాయాలి. 1851లో ఏర్పడిన భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో ఉద్యోగానికి యూపీఎస్‌సీ వారు ప్రత్యేకంగా పరీక్ష పెడతారు. ఆ సంస్థ శిక్షణ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ఆ ఉద్యోగానికీ బదిలీలు తప్పవు. మనకు అది కొత్తేమీ కాదు.

రాళ్ళంటే ఇష్టం ఒక్కటే సరిపోదని కూడా చెప్పాలి. రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం గట్టిగా రావాలి. వేడి, ఒత్తిడి గ్రాఫుల మీద రాత్రుళ్ళు గడపాలి. ఎండలో సుత్తి, దిక్సూచి, నోటుపుస్తకం మోస్తూ నడవాలి. సాయంత్రానికి సంచి బరువు పెరుగుతుందే గాని తగ్గదు.

అట్టపెట్టెలో అయిదో రాయి

చిన్నప్పటినుంచీ ప్రతి ఊరి నుంచీ ఒక రాయి ఏరి ఒక అట్టపెట్టెలో దాచుకున్నాను. బదిలీ వచ్చిన ప్రతిసారీ అమ్మ, "లారీలో సామాన్లకే చోటు లేదు, ఇంకా ఈ రాళ్ళొకటా!" అనేది. నాన్నగారు ఏమీ అనకుండా పెట్టెను బియ్యం డబ్బా పక్కన ఇరికించేవారు.

ఎం.ఎస్‌సీ.లో చేరాక ఆ పెట్టె విప్పాను. గ్రానైట్ సికింద్రాబాద్‌ది, బసాల్ట్ పుణెది, ఖోండలైట్ విశాఖది, చార్నకైట్ చెన్నైది. అయిదోది నలుపు తెలుపు చారల నైస్. దాన్ని పలుచని పొరగా కోసి చూశాను. అది ఎంత వేడి చూసిందో, ఏ దిక్కున నలిగిందో చెప్పగలిగాను. దాన్ని ఎక్కడ ఏరానో మాత్రం చెప్పలేకపోయాను. ఏ ఊరు? ఏ సెలవులు? కొండను అంటుకుని ఉన్నదాన్ని తీశానా, వాగులో కొట్టుకొచ్చినదాన్ని ఏరానా? కాగితం రాసి పెట్టలేదు. చోటు తెలియని రాయి పరిశోధనకు పనికిరాదు. నాకు మాత్రం దాన్ని పారెయ్యడానికి మనసొప్పలేదు.

అందుకే మీకు ఒక మాట. ఇప్పుడున్న ఊరి నుంచి ఒక రాయి తీసుకోండి. కోటల నుంచి, గుళ్ళ నుంచి, అభయారణ్యాల నుంచి తీయకండి, రోడ్డు పక్క కంకర కుప్పలోదీ వద్దు, అది ఎక్కడినుంచో వచ్చి ఉంటుంది. ఒక కాగితం మీద ఊరు, తేదీ, ఏ కొండ, ఏ వైపు, రాయి కొండకు అంటుకుని ఉందా విడిగా పడి ఉందా అని రాయండి. దాని గింజలు కంటికి కనిపిస్తున్నాయా, చాకుతో గీస్తే గీత పడుతుందా, చారలున్నాయా, ఇవీ రాయండి. పేరు తెలియకపోతే ఖాళీ వదిలేయండి. పేరు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఊరి పేరు మాత్రం సామాన్లు కట్టకముందే రాసి పెట్టండి.